మంచాన ఉన్నవారి మూత్రం సంగతి: డైపరా, కాండోమ్ క్యాథెటరా, పైపా?

ఇంట్లో ఒకరు మంచాన పడితే మందుల గురించి, ఫిజియోథెరపీ గురించి ఆసుపత్రిలో వివరంగానే చెబుతారు. మూత్రం సంగతికి వచ్చేసరికి మాత్రం చాలామందికి డైపర్ ప్యాకెట్టో, పైపుకు తగిలించిన యూరిన్ బ్యాగో చేతికి వస్తుంది. అది ఎందుకో, వేరే దారి ఉందో లేదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పడుకున్న మనిషి చర్మం, మర్యాద, చూసుకునేవాళ్ల నిద్ర, ఒక్కోసారి రోగి ప్రాణం కూడా ఈ నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి. నర్సుగా నేను గట్టిగా చెప్పేది ఒకటి ఉంది. మూత్రం ఎందుకు అలా అవుతోందో ముందు తేల్చుకోవాలి. తేలాక, ఒంటి లోపలికి ఏదీ పెట్టకుండా గడిచే మార్గం ఉంటే దాన్నే మొదట ప్రయత్నించాలి.

ఆగడం లేదా, రావడం లేదా?

పక్క తడిసిందంటే ఆపుకోలేకపోతున్నారనే అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. పక్షవాతం వచ్చినవారిలో మూత్రాశయం మీద మెదడుకు పట్టు తగ్గవచ్చు. మతిమరుపు ముదిరినవారికి, వెళ్లాలని ఉన్నా ఆ మాట చెప్పడం తెలియకపోవచ్చు. తుంటి ఎముక విరిగినవారికి అన్నీ తెలుసు, కానీ లేచి వెళ్లలేరు. ఈ మూడో రకం వారి మూత్రాశయంలో లోపమేమీ లేదు. వేళకు సాయం అందక తడుపుకుంటున్నారు, అంతే. వీళ్లకు డైపర్ వేస్తే, చేతనైన పనిని కూడా మనమే మాన్పించినట్టు అవుతుంది.

ఇంకో రకం ఉంది. నాకు ఎక్కువ భయం దాని గురించే. మూత్రాశయం పూర్తిగా నిండిపోయి, ఖాళీ కాలేక, పొంగిన కుండ అంచు మీదుగా కారినట్టు బొట్లుబొట్లుగా కారుతుంది. ప్రోస్టేట్ పెరిగిన మగవారిలో, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో, వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఇది జరగవచ్చు. పైకి కనిపించేది తడే కాబట్టి ఇంట్లోవాళ్లు డైపర్ వేసి సరిపెట్టుకుంటారు. లోపల మాత్రం మూత్రం నిలిచిపోయి, ఒత్తిడి వెనక్కి తన్ని, కిడ్నీలు దెబ్బతినే దాకా రావచ్చు.

ఎప్పుడు చూసినా కొద్దికొద్దిగా తడిగా ఉండటం, ఒక్కసారీ ధారగా పోయకపోవడం, పొత్తికడుపు ఉబ్బి గట్టిగా తగలడం, చెయ్యి వేస్తే బాధపడటం కనిపిస్తే అనుమానించాలి. మాట్లాడలేని రోగి ఉన్నట్టుండి అలజడిగా కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే నేను ముందు చూసేది పొత్తికడుపునే. మూత్రం పోసిన వెంటనే స్కానింగ్ చేస్తే లోపల ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. నొప్పి లేని, నిమిషాల్లో అయిపోయే పరీక్ష అది. పెద్దవారి మూత్రాశయం మామూలుగా 400 నుంచి 500 మి.లీ. వరకు పట్టుకుంటుంది. పోసిన తర్వాత కూడా 200–300 మి.లీ. మించి మిగిలిపోతోందంటే, డాక్టరుతో మాట్లాడకుండా డైపర్‌తో నెట్టుకురావడం మంచిది కాదు.

అలాగే, సరిచేయగలిగిన కారణాలను వెతకండి. మలబద్ధకం వాటిలో మొదటిది. గట్టిపడిన మలం పేగు చివర పేరుకుపోతే పక్కనే ఉన్న మూత్రాశయం మీద ఒత్తిడి పడుతుంది. కొందరికి మూత్రం ఆగదు, కొందరికి అసలు రాదు. మలబద్ధకం తగ్గగానే రెండూ సర్దుకోవచ్చు. జలుబుకు వాడే కొన్ని పాతరకం అలర్జీ మాత్రలు, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు మూత్రాన్ని బిగబట్టిస్తాయి. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర సాయంత్రం వేస్తే రాత్రంతా పక్క తడుస్తుంది. డాక్టరును అడిగి పొద్దుటికి మార్చుకుంటే ఎంతో తేడా ఉంటుంది. షుగర్ అదుపు తప్పినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా మాటిమాటికీ పోస్తారు.

ఒక కాగితం తీసుకుని మూడు రోజులు రాయండి: ఎప్పుడు తాగారు, ఎంత తాగారు, ఎప్పుడు పోశారు, ఎప్పుడు తడిగా దొరికారు. డాక్టరు ముందు పెట్టడానికి దీనికంటే ఉపయోగపడే కాగితం ఉండదు.

వేళకు కూర్చోబెట్టడం

మనిషికి కాస్త తెలివి ఉండి, సాయం పట్టుకుని కూర్చోగలిగితే ముందు ఇదే ప్రయత్నించాలి. మంచం పక్కన కమోడ్ కుర్చీ వేసి, పగలు రెండు మూడు గంటలకోసారి "వెళ్తారా?" అని అడిగి కూర్చోబెట్టాలి. నిద్ర లేవగానే, భోజనం అయ్యాక, పడుకునే ముందు తప్పనిసరిగా. మీరు రాసిన మూడు రోజుల కాగితం ఇక్కడ పనికొస్తుంది. పదింటికి తడుస్తున్నారని తెలిస్తే తొమ్మిదిన్నరకే కూర్చోబెట్టవచ్చు.

కూర్చోలేని మగవారికి పడుకునే వాడే యూరినల్, ఆడవారికి బెడ్‌ప్యాన్ ఉన్నాయి. తుంటి, వెన్ను నొప్పి ఉన్నవారికి ఎత్తు తక్కువగా ఉండే పలుచని బెడ్‌ప్యాన్ దొరుకుతుంది, అది తీసుకోండి. మామూలు దాని మీదికి నడుము ఎత్తడం వాళ్లకు నరకం. తల వైపు కాస్త ఎత్తు పెడితే మూత్రం తేలిగ్గా వస్తుంది. పూర్తిగా వెల్లకిలా పడుకుని పోయడం ఆరోగ్యంగా ఉన్నవారికే కష్టం. బెడ్‌ప్యాన్ మీద ఎక్కువసేపు ఉంచేయకండి, నడుము కింది చర్మం నలిగిపోతుంది.

ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, ఇన్ఫెక్షన్ భయం లేదు, మనిషి మర్యాద నిలుస్తుంది. కావలసింది పక్కన ఒక మనిషి. అదే దీని ఇబ్బంది కూడా. చూసుకునేది ఒక్కరే అయి, ఆ ఒక్కరికీ నడుము నొప్పి ఉంటే పగలు ఇలా, రాత్రికి డైపర్ అన్నట్టు పెట్టుకోండి. పగలు ఒక పద్ధతి, రాత్రి ఒకటి ఉండకూడదని ఎక్కడా లేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తడుపుతున్నారని నీళ్లు తగ్గించకండి. తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు కొలత పెట్టి ఉంటే తప్ప, రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల దాకా ద్రవాలు అందాలి. కావాలంటే పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించి, పగలు ఎక్కువ ఇవ్వండి.

డైపర్

చెప్పలేనివారికి, కూర్చోలేనివారికి, మూత్రంతో పాటు మలం కూడా తెలియకుండా అయ్యేవారికి డైపర్ సరైన ఎంపికే. పైపు కంటే ఎంతో క్షేమం కూడా. దీనితో వచ్చే నష్టమంతా చర్మానికి. తడిలో నానిన చర్మం మెత్తబడి, కాస్త ఒరుసుకున్నా ఊడిపోతుంది. మలం తోడైతే ఇంకా త్వరగా పొక్కుతుంది. అప్పటికే నడుము కింద ఒత్తిడి పడుతున్న చోట ఇది కలిస్తే బెడ్ సోర్ మొదలవడానికి ఎంతో సమయం పట్టదు.

పగలు రెండు గంటలకోసారి చెయ్యి పెట్టి చూడండి. మలం అయితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు. గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని సబ్బుతో ముందు నుంచి వెనక్కి తుడిచి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దండి. తర్వాత జింక్ ఆక్సైడ్ లాంటి రక్షణ క్రీము పలుచగా రాయండి. దట్టంగా పూస్తే అది డైపర్ లోపలి పొరకు అంటుకుని పీల్చుకునే శక్తిని తగ్గిస్తుంది. పౌడరు వేయకండి, మడతల్లో ఉండలు కట్టి గీసుకుంటుంది.

రకాల్లో, మంచం మీదే మార్చాల్సిన మనిషికి పక్కన అతికించే రకమే తేలిక. నిక్కరులా తొడిగే రకం నడిచేవారికి బాగుంటుంది, పడుకున్నవారికి తొడగడం, విప్పడం శ్రమ. సైజు నడుము, పిరుదులు కొలిచి తీసుకోండి. పెద్దదైతే ఎక్కువ పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తొడల దగ్గర సందు మిగిలి కారుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు డైపర్లు వేయడం అస్సలు వద్దు, లోపల వేడి, చెమ్మ పెరిగి చర్మం పాడవుతుంది. పక్క పాడవకుండా కింద ఒక అండర్‌ప్యాడ్ చాలు.

కాండోమ్ క్యాథెటర్

మగవారికి ఇది చాలా మంచి మధ్యదారి, అయినా ఇళ్లలో తక్కువగా వాడుతున్నారని నా అభిప్రాయం. పురుషాంగం మీద తొడుగులా వేసి, చివర గొట్టాన్ని బ్యాగుకు తగిలిస్తారు. ఒంటి లోపలికి ఏదీ వెళ్లదు. చర్మం పొడిగా ఉంటుంది, రాత్రి అందరూ నిద్రపోవచ్చు. ఆసుపత్రిలో ఉన్న మగవారిలో లోపలి పైపుతో పోల్చి చూసినప్పుడు, ముఖ్యంగా మతిమరుపు లేనివారిలో, దీనితో ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. సౌకర్యంగా ఉందని కూడా రోగులే చెప్పారు.

మూత్రం దానంతట అదే బయటికి వచ్చేవారికే ఇది పనిచేస్తుందని మరిచిపోకూడదు. మూత్రం నిలిచిపోయేవారికి ఇది ఏ సాయమూ చేయదు. మతి స్థిమితం లేక లాగేసుకునేవారికి, అంగం లోపలికి ముడుచుకుపోయి ఉన్నవారికి నిలవదు. చర్మం మీద పుండు ఉంటే మానేదాకా వేయకూడదు.

వేసే పద్ధతిలోనే అంతా ఉంది. దానితో వచ్చే కొలత కాగితంతో సైజు చూసుకోండి. వెంట్రుకలు గీయకండి, కత్తెరతో పొట్టిగా కత్తిరించండి. కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ముందు చివర 1–2 సెం.మీ. ఖాళీ ఉంచి తొడగాలి, లేకపోతే అంగం కొస రాసుకుని పుండవుతుంది. జారిపోతోందని చుట్టూ మామూలు ప్లాస్టర్ బిగించడం చాలా ప్రమాదం. రక్తప్రసరణ ఆగి అంగమే దెబ్బతినవచ్చు. వేసిన అరగంటకు ఒకసారి చూడండి: వాచినా, రంగు మారినా వెంటనే తీసేయాలి. రోజుకోసారి మార్చి, మధ్యలో చర్మానికి కాస్త గాలి తగలనివ్వండి. రబ్బరు పడనివారికి సిలికాన్ రకం ఉంది.

ఆడవారికి కూడా బయట నుంచే మూత్రాన్ని పీల్చుకునే మెత్తని పరికరాలు వచ్చాయి. వాటికి సక్షన్ యంత్రం కావాలి, అన్నిచోట్లా దొరకవు. అందుకే చాలామంది ఆడవారి విషయంలో ఎంపిక డైపర్, బెడ్‌ప్యాన్ దగ్గరే ఆగుతుంది.

లోపలి పైపు, అంటే ఫోలీ క్యాథెటర్

1930లలో అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీ రూపం ఇచ్చిన బెలూన్ పైపు ఇది. మూత్రాశయంలోకి వెళ్లాక చివరి బెలూన్‌లో స్టెరైల్ నీళ్లు నింపితే జారకుండా నిలుస్తుంది. ప్రాణాలు కాపాడే పరికరం అనడంలో నాకు సందేహం లేదు. మూత్రం పూర్తిగా బంద్ అయినప్పుడు, పెద్ద ఆపరేషన్ల సమయంలో, ప్రాణాపాయంలో ఉన్నవారి మూత్రాన్ని గంటగంటకూ కొలవాల్సి వచ్చినప్పుడు, నడుము కింద లోతైన పుండు పడి తడి తగలకూడనప్పుడు, కదపకూడని ఎముకల గాయాలప్పుడు, చివరి రోజుల్లో ఉన్న మనిషికి ప్రతి కదలికా బాధ అయినప్పుడు దీన్ని వేయడం సరైన పని.

పక్క తడుస్తోందని, చూసుకునేవారికి సులువని మాత్రమే వేసి నెలల తరబడి ఉంచడం మాత్రం సరికాదు. పైపు ఉన్న ప్రతి రోజూ మూత్రంలోకి సూక్ష్మక్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం ఉంటుంది. నెల గడిచేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ క్రిములు ఉంటాయి. అవి పైపు గోడకు జిగురు పొరలా అంటుకుంటాయి కాబట్టి యాంటీబయాటిక్ వాడినా పూర్తిగా పోవు.

అందుకే పైపు ఉన్నవారి మూత్రం కాస్త మసకగా ఉన్నా, వాసన వచ్చినా, పరీక్షలో క్రిములు కనిపించినా అంతమాత్రాన మందు మొదలుపెట్టరు. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, ఉన్నట్టుండి మాట తేడా, తెలివి మందగించడం లాంటివి ఉంటే అది ఇన్ఫెక్షన్. అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఊరికే వాడిన యాంటీబయాటిక్ ఇప్పుడు పనికిరాకపోవడమే కాదు, రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయకుండా పోతుంది.

పైపు తప్పదన్నాక దాన్ని ఎలా చూసుకుంటున్నారన్నదే ముఖ్యం. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. రోగిని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మార్చేటప్పుడు బ్యాగును పొట్ట మీద పెట్టడం చాలాచోట్ల చూశాను. ఆ కాసేపట్లో మురికి మూత్రం వెనక్కి వెళ్తుంది. మూడింట రెండు వంతులు నిండకముందే ఖాళీ చేయండి. పైపుకూ బ్యాగుకూ మధ్య అతుకును ఊరికే విప్పకండి. పైపును తొడకు పట్టీతో అంటించి ఉంచితే లాగుడు పడదు. రోజూ సబ్బు నీళ్లతో పైపు బయటికి వచ్చే చోట కడిగి, ఒంటి వైపు నుంచి బయటి వైపుకు తుడవండి. యాంటీసెప్టిక్ లోషన్లు అక్కర్లేదు. మగవారికి ముందు చర్మం వెనక్కి జరిపి కడిగితే మళ్లీ ముందుకు తేవడం మరవద్దు. అలాగే వదిలేస్తే బిగుసుకుని వాచిపోతుంది.

మామూలుగా పెద్దవారికి 14 లేదా 16 నంబరు పైపు చాలు. పక్కల నుంచి కారుతోందని లావు పైపు వేయమని అడగకండి. కారడానికి కారణం చాలాసార్లు మలబద్ధకం, పైపు మడత పడటం, లేదా మూత్రాశయం దానంతట అది బిగుసుకోవడం. రబ్బరు పైపు నెలలోపే మార్చాలి, పూర్తి సిలికాన్‌ది 12 వారాల వరకు ఉంటుంది. ఎప్పుడు వేశారో బ్యాగు మీద తేదీ రాసి పెట్టండి.

బ్యాగులోకి కొన్ని గంటలుగా మూత్రం రాకపోతే ముందు పైపు మడత పడిందా, రోగి కింద నలిగిందా చూడండి. అయినా రాక, పొట్ట ఉబ్బుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ మధ్యభాగం దగ్గర గానీ, ఆ పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇంకా జాగ్రత్త కావాలి. పైపు మూసుకుపోతే ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వచ్చి బీపీ ప్రాణాంతకంగా పెరిగిపోతుంది. అప్పుడు కూర్చోబెట్టి, పైపు మడత విప్పి, అత్యవసర సాయం పిలవాలి.

వేళకు పైపు వేసి తీసేయడం

మూత్రం రానివారికి ఎప్పుడూ పైపు ఉంచడం ఒక్కటే మార్గం కాదు. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు సన్నని పైపు వేసి, మూత్రం తీసి, వెంటనే పైపు తీసేయవచ్చు. 1972లో మిషిగన్‌లో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు ఇది ఇంట్లో శుభ్రంగా కడిగిన చేతులతో చేసుకుంటే చాలని చూపించారు. మూత్రాశయాన్ని ఎక్కువగా ఉబ్బనివ్వకపోవడమే అసలు రక్షణ అని ఆయన వాదన. అందుకే ఒక్కసారికి 400–500 మి.లీ. మించకుండా వేళలు సర్దుకుంటారు. వెన్నుపాము దెబ్బతిన్నా చేతులు ఆడేవారికి ఇది నా మొదటి ఎంపిక. నేర్పితే రోగి తానే చేసుకోగలరు. చేతులు ఆడనివారికి ఇంకొకరు రోజంతా అందుబాటులో ఉండాలి, అది అందరికీ కుదరదు.

అలా కుదరక, పైపు ఏళ్ల తరబడి తప్పనివారికి పొత్తికడుపులోంచి నేరుగా మూత్రాశయంలోకి పైపు వేస్తారు. చిన్న ఆపరేషన్ కావాలి. మూత్రనాళం ఒరుసుకుపోదు, శుభ్రం చేయడం తేలిక. పైపు జారిపోతే మాత్రం ఆ రంధ్రం గంటల్లో మూసుకుపోతుంది కాబట్టి వెంటనే వెళ్లి వేయించుకోవాలి.

ఎవరికి ఏది

పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మనిషికి, మాట అర్థమవుతుంటే, వేళకు కూర్చోబెట్టడంతో మొదలుపెట్టి రాత్రికి డైపర్ లేదా కాండోమ్ క్యాథెటర్ వాడమంటాను. ఆ మొదటి వారాల్లో మూత్రం మీద పట్టు తిరిగి వచ్చేవారు ఎందరో. అప్పుడే పైపు ఉంచేస్తే పట్టు వచ్చిందో లేదో కూడా తెలియదు. మతిమరుపు ముదిరినవారికి డైపరే. పైపు వేస్తే బెలూన్‌తో సహా లాగేసుకుని రక్తం చిమ్మే ప్రమాదం ఉంది, దాన్ని ఆపడానికి చేతులు కట్టేయడం అంతకంటే అన్యాయం. ప్రోస్టేట్ వల్ల మూత్రం బంద్ అయి పైపు వేయించుకున్నవారికి అది తాత్కాలికం. మందులో ఆపరేషనో ఏదైనా, తర్వాతి అడుగు ఏమిటో అడగకుండా ఇంటికి రాకండి. లోతైన బెడ్ సోర్ ఉన్నవారికి పుండు మానేదాకా పైపు, మానగానే వెనక్కి.

ఇక ఇప్పటికే పైపుతో ఇంటికి వచ్చినవారు డాక్టరునో నర్సునో ఈ మూడూ అడగండి: ఎందుకు వేశారు, ఎప్పుడు తీస్తారు, తీశాక ఏం చూడాలి. తేదీ చెప్పలేకపోతే కనీసం ఎప్పుడు వచ్చి చూపించుకోవాలో రాయించుకోండి. ఇంట్లో మీరుగా పైపు లాగవద్దు, కత్తిరించవద్దు. బెలూన్‌లో నీళ్లు తీయకుండా లాగితే మూత్రనాళం చీరుకుపోతుంది. తీయించడం పొద్దున పూట పెట్టుకుంటే మంచిది, రోజంతా గమనించే వీలుంటుంది. తీసిన తర్వాత మామూలుగా నీళ్లు తాగిస్తూ, మొదటిసారి ఎంత పోశారో కొలిచి రాయండి. మొదటిసారి కాస్త మంట ఉండటం సహజం. నాలుగు నుంచి ఆరు గంటలు గడిచినా పోయకపోయినా, కొద్దికొద్దిగా చుక్కలే వస్తూ పొత్తికడుపు బిగుస్తున్నా రాత్రి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.